చిరునామాయే శాపమైన కాందిశీకుల ముదిమి

శిబిరం అనే మాటకు అర్థం అందరికీ తెలిసిందే. నాలుగు రోజులు తలదాచుకుని, ఆపైన సాగిపోవలసిన చోటు అది. కాని భారత ఉపఖండంలో ఈ మాటకు అర్థం ఏనాడో మారిపోయింది. పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లా రాణాఘాట్ పక్కన తూర్పు బెంగాల్ కాందిశీకుల కోసం 1950లో తెరచిన కూపర్స్ క్యాంపు నేడు ఒక చిన్న పట్టణం. ఢాకా నగరంలోని మహమ్మద్‌పూర్‌లో 1972లో వెలసిన జెనీవా క్యాంపులో మనుమలు, మునిమనుమలు పుట్టి పెరుగుతున్నారు. తమిళనాడులోని శ్రీలంక తమిళుల శిబిరాలకు నాలుగు దశాబ్దాలు నిండాయి. అంతెందుకు, బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చిన తెలుగువారు తలదాచుకున్న విశాఖపట్నంలోని ఒక పేట నేటికీ బర్మా క్యాంపు అనే పేరుతోనే చలామణీ అవుతోంది. సాగిపోవలసిన చోట్ల మనుషులు ఆగిపోయారు. ఆగిన చోటనే ముసలివారయ్యారు.

కాందిశీకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చర్చ రెండు మూడు ప్రశ్నల చుట్టూనే పరిభ్రమిస్తుంది. వారు శరణార్థులా, చొరబాటుదారులా? ఉండనివ్వాలా, పంపివేయాలా? పౌరసత్వం ఇవ్వాలా, వద్దా? ఈ ప్రశ్నలు ముఖ్యమైనవే. అయితే వీటికి సమాధానం దొరికేలోగా గడచిపోతున్నది మనుషుల ఆయుష్షు. సరిహద్దు దాటి వచ్చిన వారిని ప్రభుత్వం తొలినాడు ఏ చోట ఉంచిందన్నది, ముప్పై నలభై సంవత్సరాల తరువాత వారి గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఏ స్థితిలో ఉంటాయన్న దానిని చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ సత్యాన్ని మన ఉపఖండంలోని ఏ ప్రభుత్వమూ విధాన నిర్ణయాలలో గుర్తించిన దాఖలా లేదు.

తొలి ప్రమాదాన్ని జయించాం

వచ్చిన కొత్తలో ప్రాణాలు కాపాడటంలో మన వైద్యులకు, సహాయ సంస్థలకు మంచి పేరే ఉన్నది. 1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి సుమారు కోటి మంది భారతదేశంలోకి తరలివచ్చారు. సరిహద్దు శిబిరాలలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు చాలని ఆ పరిస్థితిలో డాక్టర్ దిలీప్ మహాలనబీస్ బంగావ్ శిబిరంలో ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించి వేలాది మందిని మృత్యుముఖం నుంచి తప్పించారు. అంతకు ముందు నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నూటికి నాలుగు లోపునకు దిగివచ్చాయి. ప్రపంచవ్యాప్తంగా కోట్లాది పసిప్రాణాలను నిలబెట్టిన వైద్య విధానానికి ఒక కాందిశీక శిబిరం ప్రయోగశాల అయింది. 2022లో కన్నుమూసిన ఆ వైద్యుడిని మరుసటి సంవత్సరం పద్మవిభూషణ్ పురస్కారంతో దేశం స్మరించుకున్నది.

కలరా ఒక్క రాత్రిలో చంపుతుంది కనుక అది అందరి కంటా పడుతుంది. రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, క్షయ, కీళ్లనొప్పులు, దిగులు ఇరవై ముప్పై సంవత్సరాలు తీసుకుంటాయి. అప్పటికి పత్రికల వారు వెళ్లిపోతారు, విరాళాలు ఆగిపోతాయి, శిబిరం అధికారులు పదిసార్లు మారతారు. తొలి ప్రమాదం నుంచి బతికి బయటపడిన మనిషి రెండో ప్రమాదానికి ఎవరి కంటా పడకుండా లొంగిపోతాడు. మొదటి దానికి వైద్యం కనుగొన్న ఉపఖండం రెండో దానికి కనీసం పేరు కూడా పెట్టలేదు.

స్వీడన్ ఇచ్చిన సాక్ష్యం

పేదవాడు పేద పేటలో ఉంటాడు, పేదవాడికి రోగాలు ఎక్కువ, ఇందులో పేట చేసిన పాపమేమిటి అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మామూలుగా మనుషులు తమ తాహతును బట్టి నివాసాన్ని ఎంచుకుంటారు కనుక రోగానికి కారణం పేదరికమా, పరిసరమా అని విడదీసి చెప్పడం కష్టం. అయితే ఐరోపాలోని రెండు చిన్న దేశాలు తమకు తెలియకుండానే ఈ చిక్కుముడిని విప్పాయి.

1985 నుంచి 1994 వరకు స్వీడన్ ప్రభుత్వం శరణార్థులను తమకు నచ్చిన చోటకు పోనివ్వలేదు. రాజధాని మీద ఒత్తిడి పెరగకుండా దేశమంతటా సర్దింది. ఎవరికి ఏ ఊరిలో, ఏ పేటలో ఇల్లు దొరుకుతుందన్నది ఆనాటికి ఖాళీగా ఉన్న ఇళ్లను బట్టి సాగిన వ్యవహారం. అంటే దాదాపు చీటీ తీసినట్లే. 1987 నుంచి 1991 మధ్య అలా స్థిరపడిన, నాటికి 25 నుంచి 50 సంవత్సరాల వయస్సున్న 61,386 మంది ఆరోగ్యాన్ని పరిశోధకులు 2002 నుంచి 2010 వరకు రికార్డుల సాయంతో పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. బాగా వెనుకబడిన పేటలలో పడినవారిలో నూటికి 7.9 మందికి మధుమేహం సోకింది. మెరుగైన పేటలలో పడినవారిలో అది 5.8 మాత్రమే. వయస్సు, విద్య, వచ్చిన దేశం వంటి తేడాలన్నింటిని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా వెనుకబడిన పేటలో పడినవారికి మధుమేహం అవకాశాలు సుమారు 22 శాతం ఎక్కువని తేలింది. ఆ పేటలో గడిపిన కాలం పెరిగే కొద్దీ ముప్పు కూడా పెరుగుతూ పోయిందన్నది మరింత గమనార్హమైన విషయం. ఇంచుమించు ఆ కాలంలోనే శరణార్థులను అదే రీతిలో సర్దిన డెన్మార్క్‌లో 2020లో వెలువడిన పరిశోధన కూడా అదే దారిలో సాగింది. పేట వెనుకబాటుకు, రక్తపోటుకు, కొలెస్టరాల్‌కు, మధుమేహానికి, గుండెపోటుకు సంబంధం ఉన్నదని అది చూపింది.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. స్వీడన్‌లోని వెనుకబడిన పేట మన దృష్టిలో మధ్యతరగతి కాలనీ. అక్కడ ప్రతి ఇంటికీ కుళాయి, మరుగుదొడ్డి ఉంటాయి. చలి నుంచి రక్షణ ఉంటుంది. వైద్యం దాదాపు ఉచితం. అన్నీ ఉన్న చోటనే పరిసరాల తేడా పాతికేళ్లలో శరీరాన్ని ఇంతగా కుంగదీస్తే, పదడుగుల రేకుల గదిలో మొత్తం జీవితాన్ని గడిపిన మనిషి మాటేమిటి?

చోటు రోగంగా మారే తీరు

చోటు రోగంగా మారడంలో మంత్రమేమీ లేదు. శిబిరంలోని ఒక ఇంటిని ఊహించుకుంటే చాలు. ఒకటే గది. అందులోనే వంట, అందులోనే పడక. పొయ్యి పొగ గోడలను నల్లబరచినట్లే ఊపిరితిత్తులను నల్లబరుస్తుంది. వేసవిలో రేకుల కప్పు పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. గుండె జబ్బున్న ముసలివారికి ఆ నిద్రలేని రాత్రులే మృత్యుపాశాలు. ఇంటికీ ఇంటికీ నడుమ ఒక గోడే అడ్డు కనుక ఒకరి దగ్గు పది ఇళ్లకు వినపడుతుంది, ఒకరి క్షయ పది ఇళ్లకు పాకుతుంది.

మరుగుదొడ్డి వీధి చివర ఉంటుంది. అక్కడ దీపం ఉండదు. వర్షాకాలంలో దారి బురద. అరవై దాటిన స్త్రీ రాత్రి వేళ అక్కడికి పోవలసి వస్తుందన్న భయంతో సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానుకుంటుంది. దాని ఫలితం మూత్రకోశ వ్యాధులు. పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. అంతటితో ఆమె బయటి ప్రపంచం ముగిసిపోతుంది. ఈ మరణాన్ని వార్ధక్యం ఖాతాలో రాస్తారు తప్ప వీధి దీపం లేకపోవడం ఖాతాలో రాయరు.

తిండి మాటకు వస్తే, ఉచితంగానో చౌకగానో వచ్చేది బియ్యం. కూరగాయలు, పప్పు, పాలు కొనుక్కోవలసిందే. కడుపు నిండినా ఒంటికి సారం పట్టదు. నడవడానికి ఖాళీ స్థలం ఉండదు. పని దొరికితే బరువులు మోసే పని, రంగులు వేసే పని. దొరకని నాడు రోజంతా గుమ్మంలో కూర్చోవడమే. వీటన్నింటికి మించినది అనిశ్చితి. రేపు ఎక్కడ ఉంటామో తెలియని మనిషికి మనశ్శాంతి ఎక్కడిది? దీర్ఘకాలం కొనసాగే ఆందోళన రక్తపోటును, చక్కెరను పెంచుతుందన్నది వైద్యశాస్త్రం అంగీకరించిన విషయమే. యవ్వనంలో శరీరంలో నిద్రించిన క్షయ క్రిమి, మధుమేహం వచ్చిన ముదిమిలో మేల్కొంటుంది. మధుమేహులకు క్షయ ముప్పు రెండు మూడు రెట్లు అధికమని వైద్యులు చెబుతూనే ఉన్నారు. ఆ విధంగా శిబిరం తొలినాళ్ల జబ్బు, మలినాళ్ల జబ్బు ఒకే దేహంలో కలుసుకుంటాయి.

శాశ్వత భారమన్న ముద్ర

దేశ విభజన నాటి చరిత్ర ఈ విషయంలో చేదు పాఠాలు నేర్పింది. పశ్చిమ పంజాబ్, వాయవ్య సరిహద్దు రాష్ట్రాల నుంచి వచ్చిన వారికి ప్రభుత్వం కొంత మేలైన పునరావాసం కల్పించింది. ఢిల్లీలో లజపత్‌నగర్, రాజేంద్రనగర్, పటేల్‌నగర్ వంటి కాలనీలు వెలిశాయి. ఢిల్లీకి దక్షిణాన ఫరీదాబాద్‌ను సరిహద్దు రాష్ట్రపు కాందిశీకులు తమ చేతులతో తామే నిర్మించుకున్నారు. ఇళ్లతో పాటు బడులు, కర్మాగారాలు, తాము అభిమానించే బాద్షా ఖాన్ పేరిట ఒక ఆసుపత్రి అక్కడ తొలి సంవత్సరాలలోనే లేచాయి. పని, వైద్యం, నివాసం ఒకే చోట అమరినప్పుడు శిబిరం నగరమవుతుందని ఫరీదాబాద్ నిరూపించింది.

తూర్పున కథ వేరు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన వారిలో కొందరు కలకత్తా దక్షిణ శివార్లలో ఖాళీ స్థలాలను ఆక్రమించుకుని బిజయ్‌గఢ్, ఆజాద్‌గఢ్ వంటి కాలనీలను కట్టుకున్నారు. ప్రభుత్వం వాటిని చట్టవిరుద్ధమన్నది. అయినా పనులకు, కళాశాలలకు, ఆసుపత్రులకు దగ్గరగా ఉన్న చోటును తామే ఎంచుకున్నందున ఆ కాలనీలు కాలక్రమాన నగరంలో అంతర్భాగమయ్యాయి. ఎంచుకునే శక్తి లేనివారు మాత్రం ప్రభుత్వం ఉంచిన చోటనే ఉండిపోయారు. వారిలో వృద్ధులను, వికలాంగులను, మగదిక్కు లేని స్త్రీలను, వారి పిల్లలను విడదీసి ప్రభుత్వ దస్త్రాలలో పర్మనెంట్ లయబిలిటీ, అంటే శాశ్వత భారం, అని రాసుకున్నారు. కూపర్స్ క్యాంపు వంటి చోట్లను ఆ కోవలో చేర్చారు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు సైనిక స్థావరంలో, సైనికుల కోసం వేసిన షెడ్లలో వారి వార్ధక్యం గడచిపోయింది. పనిచేయగలిగిన వారిని 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద ఒరిస్సాలోని కోరాపుట్, మధ్యప్రదేశ్‌లోని బస్తర్ అడవులకు తరలించారు. నీటి ఊరిలో పుట్టిపెరిగిన రైతును రాతినేలలో, మలేరియా సీమలో నిలబెట్టారు. మన పూర్వపు ఆదిలాబాద్ జిల్లా కాగజ్‌నగర్ పరిసరాలలోని బెంగాలీ కుటుంబాలది కూడా ఆ వలసల కథలో ఒక అధ్యాయమే. దండకారణ్యంలో ఇమడలేక 1978లో సుందరవనాలలోని మరీచ్‌ఝాపీ దీవికి చేరినవారిని మరుసటి సంవత్సరం ఎలా వెళ్లగొట్టారో దేశమంతా చూసింది.

ఒక మనిషిని భారమని రాసిన రోజున ఆ మనిషికి వైద్యం కూడా దండుగ అనే భావన పునాది వేసుకుంటుంది. ఆ మాట నేడు దస్త్రాలలో లేకపోవచ్చు. కాని ఆ దృష్టి చెక్కు చెదరలేదు.

మండపం నుంచి గుమ్మిడిపూండి వరకు

దక్షిణాదిలో మన కళ్ల ముందు జరుగుతున్న చరిత్ర శ్రీలంక తమిళులది. 1983 జూలై మారణకాండ దరిమిలా పడవలలో రామేశ్వరం తీరానికి చేరినవారిని మొదట మండపం శిబిరానికి, అక్కడి నుంచి తమిళనాడులోని పలు జిల్లాలకు పంపారు. ఒకప్పుడు సిలోను తేయాకు తోటలకు పోయే కూలీలను వడగట్టి పంపిన చోటు మండపం. పోయిన వారి సంతతికి, వారి సాటివారికి అదే చోటు తిరిగి గుమ్మమైంది. 2021 నాటికి వందకు పైగా శిబిరాలలో సుమారు 58 వేల మంది, వాటి వెలుపల మరో 34 వేల మంది ఉన్నట్లు తమిళనాడు ప్రభుత్వ లెక్కలు తెలిపాయి. మన రాష్ట్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న గుమ్మిడిపూండి శిబిరం అందులో ఒకటి.

1983లో ముప్పై ఏళ్ల వయస్సులో వచ్చిన వ్యక్తి నేడు డెబ్బై దాటాడు. అతడు వచ్చిన నాడు ప్రభుత్వం పదడుగుల చదరపు గది ఇచ్చింది. కుటుంబం పెరిగింది, గది పెరగలేదు. 1991లో రాజీవ్‌గాంధీ హత్య తరువాత శిబిరాలపై నిఘా పెరిగింది. రాకపోకలపై ఆంక్షలు బిగిశాయి. స్వచ్ఛంద సంస్థలకు కొంతకాలం ప్రవేశం కూడా లేకపోయింది. ఎవరో చేసిన ఘాతుకానికి శిబిరంలోని ముసలివారు, పసివారు కూడా మూల్యం చెల్లించారు. తనిఖీ రోజున హాజరు చెప్పుకోవాలి కనుక దూరపు పనికి పోవడం కష్టమైంది. శిబిరం వెలుపల పెయింటు పనులే చాలామందికి దిక్కయ్యాయి. రంగుల దుమ్ము, ద్రావకాల వాసన దశాబ్దాల పాటు పీల్చిన ఊపిరితిత్తులు నేడు వృద్ధాప్యంలో అడుగుపెట్టాయి.

తమిళనాడు ప్రభుత్వాన్ని ఈ సందర్భంలో మెచ్చుకోకుండా ఉండలేము. ఉచిత బియ్యం, నెలసరి నగదు సాయం, చదువులు, ప్రభుత్వ ఆసుపత్రులలో వైద్యం అందించడంలో ఉపఖండంలో మరే ప్రభుత్వమూ ఇంత ఉదారంగా వ్యవహరించలేదు. 2021లో రూ. 317 కోట్ల పథకాన్ని ప్రకటించి, ఏడు వేలకు పైగా కొత్త ఇళ్లు కట్టడానికి పూనుకున్నది. కుటుంబ పెద్దకు ఇచ్చే సాయాన్ని నెలకు రూ. 1,500కు పెంచింది. కాందిశీక శిబిరం అనే పేరును పునరావాస శిబిరంగా మార్చింది. పేరు మార్పు కన్నా ఇళ్ల మార్పు గొప్పది. అయితే ఈ ఇళ్లు నాలుగు దశాబ్దాలు ఆలస్యంగా వచ్చాయన్నది కాదనలేని సత్యం. వాటి గడప తొక్కకుండానే ఎందరో వెళ్లిపోయారు. గడప తొక్కినవారు సైతం తమతో పాటు పాత గది ఇచ్చిన జబ్బులను కొత్త ఇంట్లోకి తీసుకుపోతున్నారు.

పత్రం వచ్చినా పేట మారలేదు

పౌరసత్వం ఇచ్చేస్తే అన్నీ చక్కబడతాయని వాదించేవారు ఒకసారి ఢాకా వైపు చూడాలి. బంగ్లాదేశ్ ఆవిర్భావంతో అటూ ఇటూ కాకుండా పోయిన ఉర్దూ భాషీయులను బీహారీలని పిలుస్తారు. పాకిస్థాన్ తీసుకుపోతుందన్న ఆశతో వారు మూడు దశాబ్దాలు శిబిరాలలో వేచి ఉన్నారు. 2008లో ఢాకా హైకోర్టు వారిని బంగ్లాదేశ్ పౌరులుగా గుర్తించి ఓటర్ల జాబితాలో చేర్చమని ఆదేశించింది. నాడే వారి కాందిశీక జీవితం చట్టరీత్యా ముగిసింది. కాని జెనీవా క్యాంపు ఇరుకు సందులు, ఎనిమిది అడుగుల గదులు, ఉమ్మడి మరుగుదొడ్లు, వాటి ముందు వరుసలు ముగియలేదు. చేతికి ఓటరు కార్డు వచ్చింది, చిరునామా మాత్రం మారలేదు. ఆ చిరునామా చూసి పని ఇవ్వనివారు ఇవ్వకుండానే ఉన్నారు. పౌరసత్వం ఎంత అవసరమో, పరిసరం అంత అవసరమని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

అదే బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ కొండవాలుల మీద 2017 ఆగస్టు తరువాత వచ్చిన ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు, అంతకు ముందు వచ్చినవారు వెదురు తడికెల మధ్య, టార్పాలిన్ల కింద బతుకుతున్నారు. శాశ్వతంగా ఉండిపోతారన్న అనుమానంతో ప్రభుత్వం గట్టి కట్టడాలను అనుమతించలేదు. ఫలితంగా 2021 మార్చిలో ఒక్క అగ్నిప్రమాదం సుమారు పదివేల గుడిసెలను బూడిద చేసింది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి. నిటారు మెట్ల దారులలో కర్ర సాయంతో నడిచే ముసలివారికి ఆసుపత్రి కనుచూపు మేరలోనే ఉన్నా అందనిదే. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ గుడిసెలలో ఉన్న రోహింగ్యాలకు మహానగరపు ఆసుపత్రులు దగ్గరే అయినా, చేతిలో సరైన పత్రం లేనివాడికి ఆ దగ్గర కూడా దూరమే.

టిబెటన్ల అనుభవం మరొక కోణాన్ని చూపుతుంది. 1959 తరువాత వచ్చిన భిక్షువులలో సుమారు పదిహేను వందల మందిని ఉత్తర బెంగాల్‌లోని బక్సా కోటలో ఉంచారు. బ్రిటిష్ వారు స్వాతంత్ర్య యోధులను బంధించిన కారాగారమది. ఆ తడి, ఆ ఇరుకు కలిసి ఎందరినో క్షయ పాలు చేశాయి. తరువాత కర్ణాటకలోని బైలకుప్పె, ముండ్‌గోడ్‌లలో భూములిచ్చి స్థిరపరచినప్పుడు పొలాలు, బడులు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు ఏర్పడ్డాయి. ఉపఖండంలో ఇంత క్రమబద్ధమైన పునరావాసం మరొకటి లేదనే చెప్పాలి. అయినా కిక్కిరిసిన మఠాలలో, వసతి గృహాలలో క్షయ పీడ వదలలేదు. యువతరం విదేశాలకు తరలిపోతుండగా ముసలివారు ఒంటరిగా మిగులుతున్నారు. మంచి చోటు కూడా ఒకసారి ఇచ్చి మరచిపోయేది కాదని, తరతరానికి సరిదిద్దుకోవలసినదని దీని సారాంశం.

రెండు అభ్యంతరాలు

మన పౌరులే మురికివాడలలో మగ్గుతుండగా పరాయివారికి ప్రత్యేక శ్రద్ధ ఏమిటన్నది మొదటి అభ్యంతరం. మురికివాడ మన పౌరుడి ఆరోగ్యాన్ని కూడా అదే తీరున కబళిస్తుందన్నది నిజం. అయితే ఒక తేడా ఉన్నది. కూలిపని కోసం నగరానికి వచ్చిన మన పేదవాడు, ఎంత కష్టమైనా, మరో పేటకో మరో ఊరికో పోవచ్చు. కాందిశీకుడిని అక్కడ ఉంచినది ప్రభుత్వం, కదలకుండా ఆపినది ప్రభుత్వ నిబంధన. తానే ఎంపిక చేసిన చోటు వలన కలిగిన హానికి తాను బాధ్యత వహించనని ప్రభుత్వం అనజాలదు. పైగా శిబిరం పక్కన వేసిన మంచినీటి గొట్టం, తెరచిన ఆరోగ్య కేంద్రం చుట్టుపక్కల గ్రామాలకూ పనికివస్తాయి. ఇది పంచుకుంటే తరిగే సొమ్ము కాదు.

సౌకర్యాలు పెంచితే తిరిగి వెళ్లరన్నది రెండో అభ్యంతరం. నలభై, యాభై, డెబ్బై సంవత్సరాల అనుభవం ఈ వాదాన్ని తోసిపుచ్చుతోంది. సౌకర్యాలు లేనందువలన జెనీవా క్యాంపు ఖాళీ కాలేదు. ఇరుకుగా ఉన్నందువలన తమిళనాడు శిబిరాలు ఖాళీ కాలేదు. స్వదేశంలో భద్రత, భూమి, బతుకు దొరికితే ఎవరూ ఆపకపోయినా వెళతారు. దొరకకపోతే ఎంత పీడించినా వెళ్లరు. శిబిరాన్ని నరకం చేయడం వలన సాధించేది తిరుగు ప్రయాణం కాదు, రోగగ్రస్తమైన ముదిమి మాత్రమే. ఆ ముదిమికి అయ్యే ఖర్చు చివరకు ప్రభుత్వ ఆసుపత్రి మీదనే పడుతుందన్న లెక్క కూడా పాలకులు వేసుకోవాలి.

చేయవలసినది

భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. ప్రత్యేక శరణార్థి చట్టం కూడా లేదు. జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వాన ప్రముఖుల బృందం 1997లో దక్షిణాసియా దేశాలకు ఒక నమూనా చట్టాన్ని రూపొందించినా అది కాగితాలకే పరిమితమైంది. అందువలన ఏ సమూహానికి ఏ చోటు, ఏ సౌకర్యం అన్నది ఆనాటి రాజకీయ వాతావరణం నిర్ణయిస్తోంది. అయితే చట్టం లేదన్న సాకు చెల్లదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు, రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కు పౌరులకే కాక ఈ గడ్డ మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని తేల్చిచెప్పింది. అదే సంవత్సరం పశ్చిమ బెంగాల్‌కు చెందిన మరో కేసులో అత్యవసర వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యతేనని, అది జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ఈ రెండు తీర్పులను కలిపి చదివితే కాందిశీకుడి ఆరోగ్యం దయాధర్మం కాదని బోధపడుతుంది.

కనుక శిబిరానికి చోటు ఎంచుకునేటప్పుడు రెవెన్యూ అధికారితో పాటు ఆరోగ్య అధికారి సంతకం కూడా తప్పనిసరి కావాలి. నీరు, ఆసుపత్రి, పని, బడి ఎంత దూరమన్నది మొదటి ప్రశ్న కావాలి. ఊరి చివర ఎవరికీ పనికిరాని పోరంబోకు దొరికింది కదా అని మనుషులను అక్కడకు తోలరాదు. కొత్తగా కడుతున్న ఇళ్లలో గాలి, వెలుతురు, ఇంటిలోనే మరుగుదొడ్డి, ముసలివారు పట్టుకుని నడవడానికి ఊత, వీధికి దీపం ఉండాలి. ముప్పై దాటిన ప్రతి శిబిరవాసికీ సంవత్సరానికి ఒకసారి రక్తపోటు, చక్కెర, క్షయ పరీక్షలు జరగాలి. వృద్ధుల ఆరోగ్యానికి 2010లో కేంద్రం ప్రారంభించిన జాతీయ కార్యక్రమం శిబిరం గేటు దగ్గర ఆగిపోకూడదు. పత్రం ఏ రంగులో ఉన్నదని చూడకుండా మందు ఇవ్వాలి. భద్రతా కారణాలు నిజంగా ఉన్న చోట తప్ప, పని కోసం, వైద్యం కోసం తిరిగే స్వేచ్ఛ ఉండాలి. స్వీడన్ తన తప్పును తెలుసుకోగలిగినది లెక్కలు రాసుకున్నందువలనే. మన శిబిరాలలో తలలు లెక్కపెడుతున్నాం. ఆ తలలు ఏ రోగంతో, ఏ వయస్సులో వాలిపోతున్నాయో కూడా రాసుకోవాలి.

వీటిలో ఏ ఒక్కటీ పౌరసత్వ వివాదం తేలేవరకు ఆగవలసిన పని కాదు. ఉంచుతామా, పంపుతామా అన్నది రాజకీయ నిర్ణయం. ఉన్నన్నాళ్లు ఆరోగ్యంగా ఉంచడం పాలనాధర్మం. మొదటి దానికి గడువు ఉండదు, రెండో దానికి గడువు ఉంటుంది. ఎందుకంటే మనిషి ఆయుష్షుకు గడువు ఉన్నది.

1983లో పడవ దిగిన యువకులు, 1972లో జెనీవా క్యాంపులో చేరిన పిల్లలు నేడు ముదిమి ముంగిట నిలిచారు. యౌవనాన్ని ఆ గదులకే ధారపోసిన వారికి మిగిలినవి కొద్ది సంవత్సరాలు. ఆ కొద్ది సంవత్సరాలనైనా ఊపిరాడే చోట గడపనివ్వడం ఉపఖండపు ప్రభుత్వాలకు శక్తికి మించిన పని కాదు. శరణు ఇచ్చామని చెప్పుకునే హక్కు, ఆ శరణులో మనిషి బతికి బట్టకట్టి, గౌరవంగా ముసలివాడయ్యే వీలు కల్పించినప్పుడే దక్కుతుంది.